తాళం వేసిన బాపుగారి బొమ్మల గది గురించి మంత్రిగారికి ఆరో అర్జీ

సాంస్కృతిక వ్యవహారాలు చూస్తున్న మంత్రిగారికి,

నమస్కారాలు. మొదటి ఐదు అర్జీలూ చేత్తో రాసి, వరుసలో నిలబడి, రసీదు పుచ్చుకుని ఇచ్చాను. ఐదింటికీ నా ఫోనుకు ఒకటే సందేశం వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడింది." వచ్చిన ప్రతిసారీ చెప్పులు వేసుకుని వెళ్లి చూసి వచ్చాను. తాళం అలాగే వేలాడుతోంది. తాళం వేయడమే పరిష్కారం అనుకుంటే మీవాళ్లు అబద్ధం చెప్పలేదు. బాగానే వేశారు. ఇత్తడిది, పెద్దది.

ఏ ఊరో, ఏ గదో మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. రిబ్బను కత్తిరించింది మీరే. మంజూరైనది ఎంత, చేతికి వచ్చినది ఎంత అన్న లెక్క కూడా మీ దగ్గరే ఉంటుంది, ఆ జోలికి పోను.

నేను డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. బాపుగారి బొమ్మలకు ఒక గది కేటాయించారని తెలిసి, ఇంట్లో ఉన్న రెండు ట్రంకు పెట్టెలు ఆటోలో వేసుకుని తెచ్చి అప్పగించాను. మా నాన్నగారు దారంతో కుట్టి దాచిన ఆంధ్రపత్రిక వారపత్రికలు, నవలల అట్టలు, కార్టూన్ల కత్తిరింపులు, నా శిష్యుల పెళ్లి శుభలేఖలు. శుభలేఖలేమిటని నవ్వకండి. మా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో పెళ్లి కబురు మోసుకొచ్చింది ఆయన సీతారాములే. వధూవరుల పేర్లు కూడా ఆయన చేతిరాతను పోలిన అక్షరాలలోనే ఉండేవి. మా ఆవిడ అప్పుడే అంది, "ఇంట్లో ఉంటే కనీసం మనమైనా చూసుకుంటాం కదా" అని. ఆ మాట మీద ఇప్పటికీ నాకు జవాబు లేదు.

తెరిచి ఉన్న ఆ కొద్ది నెలల్లో ఎంతమంది పిల్లలను తీసుకెళ్లానో! ఒకటే గది, రెండు ట్యూబులైట్లు. ఒక గోడకు రాముడి బొమ్మలు, ఎదుటి గోడకు బుడుగు. ముళ్లపూడి వెంకటరమణగారి మాటల్లో పుట్టిన ఆ పిల్లాడికి ముఖం ఇచ్చింది బాపుగారే అని చెబితే ఒక కుర్రాడు "అయితే మాటలు ముందా, బొమ్మ ముందా" అని అడిగాడు. జడ వేసుకున్న అమ్మాయి బొమ్మ ముందు మాత్రం అందరినీ ఆపేవాణ్ణి. గీత మెడ దగ్గర మొదలై, సన్నబడి, నడుము దగ్గర లావెక్కి, జడకుచ్చుల దాకా వెళ్లింది, కుంచె ఎక్కడ ఎత్తారో వెతకండి అనేవాణ్ణి. వేలితో గాలిలో గీస్తూ వెతికేవారు. దొరికేది కాదు. ముప్పై ఏళ్లు బల్లమీద కొట్టి చెప్పినా ఎక్కని పాఠం అక్కడ ఐదు నిమిషాల్లో ఎక్కింది.

తర్వాత వానలొచ్చాయి. పడమటి గోడ చెమ్మగిల్లింది. కాపలా మనిషి మానేశాడు. ఎందుకు మానేశాడో అతనికి జీతం ఇవ్వవలసినవారికి తెలుసు. తాళంచెవి ఒక కార్యాలయంలో ఉందంటే వెళ్లాను, అక్కడినుంచి ఇంకో కార్యాలయానికి పంపారు, వాళ్లు మళ్లీ మొదటిచోటే ఉందన్నారు. మొన్న డిసెంబరు 15న, బాపుగారు పుట్టినరోజున, తమరు దండ వేయడానికి వచ్చారు గుర్తుందా? తాళంచెవి దొరక్క ఆయన ఫొటోను వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టారు. తమరు ఆ కుర్చీకి నమస్కరించి "త్వరలో" అన్నారు. వెనక తలుపు మూసే ఉంది. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

కిటికీ సందులోంచి చూస్తే ఫ్రేముల లోపల మరకలు కనిపిస్తున్నాయి. పాత పత్రికల కాగితం కర్రగుజ్జుతో చేసినది. తేమ, వేడి తగిలితే ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. పైగా మాది సముద్రపు గాలి. కాగితాన్ని తినే పురుగును మన పెద్దలు రామబాణం అన్నారు. జన్మంతా రాముణ్ణి గీసిన మనిషి బొమ్మలను రామబాణాలకు అప్పగించారు, ఇంతకన్నా భక్తి ఇంకేం కావాలి!

రెండేళ్ల క్రితం కేరళ వెళ్లినప్పుడు కాయంకుళంలో ఆగాను. కార్టూనిస్టు శంకర్ పుట్టిన ఊరది, 1902లో. కృష్ణపురం రాజప్రాసాదానికి దగ్గరలో ఆయన పేర కార్టూన్ మ్యూజియం ఉంది, అక్కడి లలితకళా అకాడమీ నడుపుతోంది. అక్కడా మనలాగే కాలువలు, కొబ్బరిచెట్లు, గోడలు నాచుపట్టే వానలు. బొమ్మలు మాత్రం పొడిగా ఉన్నాయి. బాపుగారు మద్రాసులో స్థిరపడ్డారు కదా అని ఒక అధికారి నాతో అన్నారు. శంకర్ కాయంకుళంలో కూర్చుని గీశాడా? ఆయన 1948 నుంచి 1975 దాకా పత్రిక నడిపింది ఢిల్లీలో. 2013లో బాపుగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు జాబితాలో పేరు పక్కన తమిళనాడు అని ఉంటే మనమంతా చిన్నబుచ్చుకున్నాం. నరసాపురంలో 1933లో పుట్టిన మనిషిని పక్క రాష్ట్రం ఖాతాలో ఎలా రాస్తారని టీ కొట్టు దగ్గర నేనూ అరిచాను. ఇప్పుడు ఆ గది వైపు చూస్తే ఆ అరిచినందుకు సిగ్గుగా ఉంది.

ధవళేశ్వరంలో కాటన్ దొరకు మ్యూజియం ఉంది. ఉండవలసిందే, ఆయన ఆనకట్టే లేకపోతే మాకు అన్నం లేదు. అదే ధవళేశ్వరంలో పుట్టిన రమణగారికీ, ఆయన జంట బాపుగారికీ కలిపి ఒక్క గది పొడిగా ఉంచలేమా? ఏసీ అడగడం లేదు, పాలరాయి అడగడం లేదు. పడమటి గోడకు పూత, ఒక మనిషికి నెలనెలా జీతం, వారానికి నాలుగు రోజులు తలుపు తెరవడం. అదీ కుదరకపోతే నా పెట్టెలు నాకు ఇప్పించండి. కాదు, అలా అనకూడదు, పిల్లలకోసం ఇచ్చినవి. గదే తెరిపించండి. ఈ వానాకాలానికి ముందే తెరిపించండి.

అప్పగింత రసీదు నకలు మళ్లీ జతపరుస్తున్నాను. పెట్టెల్లో సగమే ఫ్రేములకు ఎక్కాయి. మిగతా సగం ఆ గదిలోనే, నేను వేసిన చిన్న తాళాలతో ఉంది. వాటి చెవులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పెద్ద తాళంచెవి మీకు దొరికిన రోజు కబురు చేయండి, తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు