ఆరూ నలభై బండి, నీ కొత్త ఇల్లు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టుకుంటూనే ఉంటావు, తెలుసు. మన లైను చివరి స్టేషన్ దగ్గర ఇల్లు చూశావనీ, "రైళ్లు పెరుగుతాయంటున్నారు, కొనేయనా" అనీ అడిగావు. రోజూ ఆ బండిలో ఒరుసుకుంటూ తిరిగేవాణ్ణి కదా, నన్ను అడగడం సబబే. కాకపోతే రెండు ముక్కల్లో తేల్చే మనిషిని కాను.

నిన్న సాయంత్రం ఆరూ నలభై బండి ఎక్కాను. మామూలుగానే బండ్లు ఒకదానికొకటి తప్పుకునే క్రాసింగ్ స్టేషన్‌లో, పక్కనుండే లూప్ లైనులోకి తీసి ఆపేశారు. ఎదురు బండి రావాలి. నా పక్క సీటాయన అక్కడికి రాగానే చెప్పులు విడిచి, కాలి మీద కాలు వేసుకుని కళ్లు మూసుకుంటాడు. తొమ్మిది నిమిషాలు ఫ్యాను చప్పుడు తప్ప పెట్టెలో మరో మాట లేదు. ఎదురు బండి హోరుమని దాటిపోయింది. బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింట్లు మారిన చప్పుడు వినగానే ఆయన, కళ్లు తెరవకుండానే, పాదాలు రెండూ చెప్పుల్లోకి దూర్చాడు. ఎన్నేళ్ల సాధనో!

మన లైను జబ్బంతా అక్కడే ఉంది. ఆ స్టేషన్ దాటాక సింగిల్ లైను. ఆ ముక్క దాటడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పోయే బండికి పన్నెండు, వచ్చే బండికి పన్నెండు, ఒకటి పూర్తిగా బయటపడ్డాక సిగ్నల్ ఇచ్చి రెండోదాన్ని వదలడానికి మూడేసి నిమిషాలు. వెరసి అరగంట. అంటే గంటకు అటు రెండు, ఇటు రెండు. కొత్త బండ్లు తెప్పించినా, రంగులు వేసినా, పెద్దవాళ్లను పిలిచి జెండా ఊపించినా మూడోది పట్టదు. మధ్యలో గూడ్సు ఒకటి దూరిందంటే ఆ పూట సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

"పెట్టెలు పెంచొచ్చు కదా" అంటావు. పెంచొచ్చు. ముంబైలో పన్నెండు పెట్టెల లోకల్ రైళ్లలో కొన్నింటిని పదిహేను చేశారు. బండికి పావు వంతు జనం ఎక్కువ పడతారు. అయితే దానికి ప్లాట్‌ఫాంలు పొడిగించాలి. మనకు మరో చిక్కుంది: లూప్ లైను కూడా పొడవుగా ఉండాలి. ఎదురు బండికి తప్పుకున్న రైలు తోక మెయిన్ లైను మీదే మిగిలిపోతే తప్పుకుని ఏం లాభం?

రెండంతస్తుల రైళ్లని ఇంకొకరు అంటారు. సీట్లు దొరుకుతాయి, నిజమే, కానీ దిగడానికి మెట్లు, వాటి ముందు గుంపు. సిడ్నీ రెండంతస్తుల రైళ్లలో పెట్టెకు ఒక్కో వైపు రెండే తలుపులు. పారిస్‌లో ఊరినీ శివార్లనూ కలిపే ఆర్‌ఈఆర్ ఎ లైను వాళ్లు మూడు వెడల్పాటి తలుపులు పెట్టించుకున్నారు. బండి ఎంతమందిని మోస్తుందన్నదానితో పాటు ఎంత త్వరగా దింపుతుందన్నదీ చూడాలి. మన పెద్ద స్టేషన్‌లో మొన్న గడియారం పట్టుకుని నిలబడ్డాను. మూడో తలుపు దగ్గర దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకరినొకరు తోసుకుంటుండగా డెబ్బై సెకన్లు పోయాయి. అదే సమయానికి చివరి పెట్టె సగం ఖాళీ! ప్లాట్‌ఫాం మెట్లు మూడో తలుపుకు ఎదురుగా ఉన్నాయి మరి.

సిగ్నళ్ల మీద చాలామందికి ఆశ ఉంది. లండన్ మధ్యగా పోయే థేమ్స్‌లింక్ అనే రైలు మార్గంలో నడిబొడ్డు ముక్కను గంటకు ఒక్కో దిశలో 24 రైళ్లు పోయేలా తీర్చిదిద్దారు; అక్కడ బండి వేగాన్నీ బ్రేకునూ కంప్యూటరే చూసుకుంటుంది. ఒకదాని వెనక ఒకటి దగ్గరగా నడపడానికి అది మంచి మందు. మనవి ఎదురెదురు బండ్లురా! కరెంటు రైళ్లు కొంత నయం, ఆగిన చోటి నుంచి చురుగ్గా వేగం అందుకుంటాయి. 2024 సెప్టెంబరులో అమెరికాలో కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైళ్ల సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసేల మధ్య డీజిల్ మాని కరెంటుకు మారింది. మన పన్నెండు నిమిషాలు తొమ్మిదయ్యాయనుకో, లెక్క గంటకు రెండున్నర బండ్లని తేలుతుంది. ఆ అర బండిలో ఎవరెక్కుతారో నాకు తెలియదు.

నన్నడిగితే, ఆ పన్నెండు నిమిషాల దారిలో నడుమ ఉన్న నాలుగు నిమిషాల మేర రెండో లైను వేస్తే చాలు. బండ్లు అక్కడ ఆగకుండానే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఇరువైపులా మిగిలే సింగిల్ ముక్కలు నాలుగేసి నిమిషాలవే కాబట్టి గంటకు అటూ ఇటూ నాలుగేసి బండ్లు నడుస్తాయి. ఒక చివరనున్న పాత వంతెన జోలికి పోనక్కర్లేదు. ఒక బండి ఆలస్యమైతే రెండోదీ ఆలస్యమవుతుంది, అది ఒప్పుకుంటాను. టోక్యోలో 1960లలో మొదలుపెట్టి ఐదు మార్గాల్లో లైన్లు పెంచి, దూరపు రైళ్లను లోకల్ రైళ్ల నుంచి విడదీశారు. అంత మనకెక్కడిది! అయినా నాలుగు నిమిషాల దారికి అంత గుండె అక్కర్లేదు.

ఇక మన లైనును మెట్రోగా మారుస్తారని మీ బ్రోకరు చెప్పే మాట. మారిస్తే మారవచ్చు. సిడ్నీలో బ్యాంక్స్‌టౌన్ లైనును మెట్రోగా మార్చడానికి 2024 సెప్టెంబరు 30న మూసి, జనాన్ని బస్సులెక్కించారు. ఏడాది దాటినా బస్సులే నడిచాయి. ఆ ఏడాది నువ్వు చివరి స్టేషన్‌లో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించుకో.

ఆదివారం ఇల్లు చూసి మురిసిపోయావు కదా, ఆదివారం అందరికీ సీటు దొరుకుతుంది. పనిరోజు రా. పొద్దున్నే అక్కడే బండెక్కి ఇటు దిగు, సాయంత్రం ఆరూ నలభైలో ఇద్దరం కలిసి వెళదాం. దారిలో కిటికీ పక్కన నిలబడి రెండో లైను కోసం పట్టాల వారగా మట్టి కట్ట ఎక్కడైనా వెడల్పు చేస్తున్నారేమో చూడు. పని మొదలైతే ధైర్యంగా కొనుక్కో. శంకుస్థాపన రాళ్లపై పేర్లు మాత్రమే కనిపిస్తే అద్దెకు దిగి రెండేళ్లు చూడు. చెప్పులు మాత్రం సులువుగా విప్పుకునేవి వేసుకురా, తొమ్మిది నిమిషాలు ఆగాలి.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ మిత్రుడు