కొండ గ్రామాల రోడ్డు కమిటీ: 2024–25 వార్షిక నివేదిక

సభాధ్యక్షులకు, గ్రామ పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

కమిటీ ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు. రోడ్డు లేక రోగులను డోలీలో మోసిన భుజాలు ఈ సభలోనే చాలా ఉన్నాయి. నేరుగా పనిలోకి వస్తాను.

2024 సెప్టెంబరు వానలకు మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. అంతకుముందు వేసవిలో శ్రమదానంతో తీసిన మన మట్టి రోడ్డు కూడా కోసుకుపోయింది. అప్పట్లో ఉన్న డబ్బు జేసీబీకే సరిపోయింది, కొండవైపు కాలవకూ తూములకూ మిగల్లేదు. వాననీరంతా రోడ్డు మీదుగానే పారింది. అందుకే ఈసారి కొత్తగా ఒక్క మీటరు కూడా తవ్వొద్దు, ఉన్నదాన్ని నిలబెడదాం అని కార్యవర్గం తీర్మానించింది. పై ఊరివాళ్లకు ఇది నచ్చలేదు. కొందరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. అయినా నా మాట అదే: తూము లేని రోడ్డు ఒక్క వర్షాకాలానికే.

ఇక గెడ్డ (కొండవాగు) మీద తూముల వంతెన సంగతి. వరి కోతలయ్యాక, నీళ్లు తగ్గాక మొదలుపెట్టాం. ఇసుక బస్తాలతో గెడ్డను పక్కకు మళ్లించి, అడుగున రాళ్లు పరిచి కాంక్రీటు వేశాం. సిమెంటు తూములు ఘాట్ కింద వరకే లారీలో వచ్చాయి. అక్కడి నుంచి ట్రాక్టరు, ట్రాక్టరు ఎక్కలేని చోట దుంగల మీద దొర్లింపు, వెనక నుంచి మోకులతో పట్టు. ఒక తూము జారినప్పుడు అందరికీ ఎంత టెన్షన్ పుట్టిందో ఉన్నవాళ్లకు తెలుసు. పక్క గోడలు కట్టిన మన మేస్త్రీలు సగం కూలే తీసుకున్నారు. మహిళా సంఘాల అక్కలు రోజూ రాగి అంబలి, అన్నం తెచ్చారు. ట్రాక్టరు ఇచ్చిన రైతుకు, బస్తాలు కుట్టిన పిల్లలకు, సిమెంటు అప్పు పెట్టిన సంత షాపు యజమానికి పేరుపేరునా కృతజ్ఞతలు. జూన్ వానలు ఈ నివేదిక లెక్కలోకి రావు గానీ రాయకుండా ఉండలేను: గోడ కదల్లేదు, 108 బండి మొదటిసారి మన ఊళ్లోకి వచ్చి బాలింతను తీసుకెళ్లింది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి దగ్గర ఉంది. సిమెంటు బాకీ కొంత మిగిలింది. మిగతాది చూసుకోండి.

తారు రోడ్డు సంగతి. కేంద్రం గ్రామాలకు రోడ్లు వేసే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (పీఎంజీఎస్‌వై) నాలుగో దశలో 2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి అర్హత ఉంది. పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద ఆదిమ గిరిజన తెగల ఊళ్లకు 100 మంది చాలు. కానీ పై ఊరి ఇళ్లను అప్పట్లో కింద ఊరి లెక్కలో కలిపేశారు. ఇప్పుడు అధికారులు ఆ పేరుతో ఊరే లేదంటున్నారు. అక్కడ ఉంటున్నవాళ్లను చూపిస్తామన్నాం, ఎవరూ రాలేదు.

అడవి అడ్డంకికి కూడా దారి ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) కింద రోడ్డుకు హెక్టారు లోపు భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు కావాలి. 5 మీటర్ల వెడల్పున లెక్కేస్తే అది రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ, మనకు సరిపోతుంది. తీర్మానం ఎప్పుడో ఇచ్చేశాం. ఫైలు ఎక్కడుందని అడిగితే ‘సార్ క్యాంపులో ఉన్నారు’ అంటారు. సార్ క్యాంపు మన కొండ మీద ఎప్పుడూ పడదు మరి.

విశాఖలో ఉన్న మన కుర్రాళ్లకు ఒక మాట. వాట్సాప్‌లో వంతెన ఫొటోలకు దండాలు పెట్టినందుకు సంతోషం. తూములు దించే రోజున మాత్రం మోకు పట్టింది అరవై దాటిన తాతలే. పండక్కి వచ్చినప్పుడు ఒక పూట కాలవ తవ్వండి.

వచ్చే ఏడాది పని కొండవైపు కాలవ, రెండో మలుపు దగ్గర ఇంకో తూము. చందా బాకీలు ఈ నెలలోగా కట్టాలి. కిందటిసారి తీసుకెళ్లిన గునపాలు, ఇనుప తట్టలు ఎవరి ఇంట్లో ఉన్నా కమిటీ గదికి చేర్చాలి.

కార్యదర్శి