గెట్ల మీద గడ్డిమందు చల్లితే సీతాకోకచిలుక ఎక్కడ గుడ్డు పెట్టాలి?

సంపాదకులకు,

బతుకమ్మ పేర్చడానికి తంగేడు, గునుగు పూలను హనుమకొండ, వరంగల్ అంగళ్లలోనే కాదు, పల్లెల్లోనూ కొనుక్కునే రోజులు వచ్చాయి. చెల్కల్లో, గెట్ల మీద వాటంతటవే మొలిచే ఈ మొక్కలు ఎందుకు తగ్గాయో రైతులందరికీ తెలుసు. పత్తి, మక్క చేన్ల కోసం తెచ్చిన గడ్డిమందు గెట్ల మీదికి, బాటల పక్కకు, చెరువు కట్టల మీదికి పాకింది. పూలు తగ్గితే పండుగనాడు గుర్తుకొస్తుంది. ఆ మొక్కల మీద పుట్టే సీతాకోకచిలుకలు తగ్గితే అడిగేవారు లేరు.

రెక్కలొచ్చిన సీతాకోకచిలుక ఏ పూవు మీదైనా వాలి తేనె తాగుతుంది. గుడ్డు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టదు. ఆకును ముందరి కాళ్లతో తాకి, రుచి చూసి, తన పిల్లలు తినగలిగే మొక్క అని తేలాకే పెడుతుంది. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకకు జిల్లేడు కావాలి. లైమ్ బటర్‌ఫ్లైకి నిమ్మ, కరివేపాకు, మారేడు, వెలగ. పసుపుపచ్చని ఎమిగ్రెంట్లకు తంగేడు, రేల. నలుపు తెలుపు చుక్కల కామన్ పియరో రేగు చెట్టును వదిలి దూరం పోదు. గోరంత ఉండే పేల్ గ్రాస్ బ్లూ పులిచింత ఆకు మీద పెరుగుతుంది. క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ లేకపోతే వేరే దిక్కు లేదు. చెట్ల కొమ్మల మీద బతికే బదనికను కూడా కామన్ జెజెబెల్ నమ్ముకుని ఉంది. మామిడి తోటలో బదనిక కోసెయ్యాల్సిందే కానీ అడవి చెట్ల మీద దాని జోలికి పోనక్కర లేదు. ఈ మొక్కల్లో చాలావాటిని మనం పిచ్చిమొక్కలని కొట్టేస్తాం. చేను మధ్యలో వాటికి చోటు ఉండదు, ఉండాలని మేము అనడం లేదు. వాటికి మిగిలిన చోటు గెట్టు, కంచె, బాట పక్క.

గెట్టు మీది పురుగు పంటలోకి దిగుతుందన్న రైతు భయం ఉత్తది కాదు. తుత్తురు బెండ, వయ్యారిభామ పత్తి చుట్టూ ఉంటే పిండినల్లి అక్కడ కూడుకుంటుంది. ఆ రెండింటినీ పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు చేత్తో పీకెయ్యాలి. మిగతా వాటికి ఆ శిక్ష వెయ్యొద్దు. పత్తిలో గులాబీరంగు పురుగు, మక్కలో 2018 నుంచి మన దేశంలో పీడిస్తున్న కత్తెర పురుగు, మిర్చిలో పొగాకు లద్దెపురుగు, వరిలో కాండం తొలిచే పురుగు, ఇవన్నీ చిమ్మటల (మాత్‌ల) పిల్లలు. రైతులు వీటి తల్లిని రెక్కల పురుగు అంటారు. మన దేశంలో చిమ్మటలు పది వేల రకాలకు పైగానే ఉన్నాయి. పంటను తినేవి అందులో పిడికెడు. వాటికి తగిన ఉపాయాలు వేరే ఉన్నాయి. ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలో ఏ పురుగు ఎర పెడితే ఆ పురుగే పడుతుంది. గులాబీరంగు పురుగుకు ఎకరాకు 4 బుట్టలు కట్టి, ఒక్కో బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా 3 రాత్రులు పడితే అప్పుడు మందు గురించి ఆలోచించాలి. పురుగు ఏదో చూడకుండా కొట్టిన మందు గెట్టు దాకా పోతుంది, గెట్టు మీద ఉన్న మంచి చెడ్డ అన్నిటినీ ఊడ్చేస్తుంది. వేపనూనె కూడా అంతే: ఆకు తినే ఏ గొంగళినీ వదలదు.

అందుకని గొంగళిని చూసి పోల్చుకోవడం ముందు నేర్చుకోవాలి. కరివేపాకు మీద పిట్టరెట్టలా నలుపు తెలుపు కలిసి కనిపించేది లైమ్ లేదా కామన్ మార్మన్ పిల్ల. అయిదో దశలో అది పచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుంచి రెండు కొమ్ములు బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. కుండీలోని చిన్న మొక్కకు, నిమ్మ నారుకు ఇది నష్టమే. అక్కడ మందు కొట్టేకన్నా ఆకుతో సహా తీసి దగ్గర్లోని మారేడు చెట్టు మీద పెట్టడం తేలిక. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద 3 జతల నల్ల మీసాలతో ఉండేది ప్లెయిన్ టైగర్. గన్నేరు మీద ముదురు రంగులో 4 జతలు కనిపిస్తే అది కామన్ క్రో. ఆముదం మీద నున్నటి ఒంటితో, నడుము వంచి నడిచేది నామాల పురుగు. అది ఎక్కువైతే ఆకులన్నీ జల్లెడే. అదే ఆకు మీద ఒళ్లంతా ముళ్లతో ఉన్నది కామన్ క్యాస్టర్ అనే సీతాకోకచిలుక పిల్ల. దానికి మందు దండగ. నువ్వుల చేన్లో వేలంత లావున, తోక దగ్గర గరుకు కొమ్ముతో ఉండే గొంగళిని చూసి చాలామంది దడుచుకుంటారు. అది కుట్టదు. దాని చిమ్మటకు వీపు మీద పుర్రె గుర్తు ఉంటుంది, పట్టుకుంటే కీచుమంటుంది, రాత్రిపూట తేనెతుట్టెల్లో దూరి తేనె తాగుతుంది. అపశకునమని చంపేవాళ్లున్నారు, అది పాపం, దానికీ శకునానికీ సంబంధం లేదు. ఒళ్లంతా వెంట్రుకలున్న మునగ బొంతపురుగుల్ని మాత్రం వట్టి చేత్తో ముట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి.

బడిపిల్లలకు చూపించడానికి గొంగళిని పెంచేటప్పుడు జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. మూత బిగించిన సీసాలో ఆకు చెమ్మకు బూజు పట్టి పురుగు చస్తుంది. నోటికి పలుచటి గుడ్డ కట్టాలి. రెట్ట రోజూ తీసెయ్యాలి. కొమ్మను నీళ్లలో పెడితే ఆ నీళ్లలోకి దిగి పురుగు మునిగిపోతుంది కాబట్టి ఆ నీళ్ల సీసా మూతిని దూదితో కుక్కాలి. పిల్ల ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే పెట్టాలి, పురుగుమందు తగలని చోటి నుంచి. గూడు కట్టే వేళకు నిలువుగా ఒక పుల్ల కావాలి. రెక్కలు వేలాడదీసి ఆరబెట్టుకోవడానికి చోటు లేకపోతే అవి ముడతలుపడి ఉండిపోతాయి, ఆ సీతాకోకచిలుక ఇక ఎగరదు. గొంగళి మీద బియ్యపు నూకలంత తెల్లటి గూళ్లు కనిపిస్తే అవి దాని గుడ్లు కావు, దాన్ని లోపల్నుంచి తిన్న చిన్న కందిరీగలవి. ఆ కందిరీగలు రైతు పక్షాన ఉన్నవే, చంపొద్దు.

ఎగిరేవాటిని పోల్చడంలో రంగును నమ్మి మోసపోతారు. కామన్ మార్మన్ ఆడవి కొన్ని అచ్చం క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్‌లలా ఉంటాయి. రెక్కలు కాదు, ఒళ్లు చూడాలి: రోజ్‌లకు ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నల్లగా. ప్లెయిన్ టైగర్ వేషంలో తిరిగేది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది; టైగర్‌కు వెనుక రెక్క మధ్యలో 3 లేదా 4 నల్లచుక్కలుంటే, దీనికి పై అంచున ఒక్కటే. ఇది పిల్లల్ని పెంచేది గంగవాయిలి కూర మీద. పీకాక్ పాన్సీ వానాకాలంలో రెక్కల అడుగున కళ్లలాంటి మచ్చలతో, ఎండాకాలంలో ఎండుటాకులా కనిపిస్తుంది, రెండూ ఒక్కటే. చిన్న నీలిరంగు సీతాకోకచిలుకలన్నీ రెక్క అడుగు చూస్తే తప్ప తేలవు. అందుకే ఫొటో తీస్తే మూసిన రెక్కలూ తెరిచిన రెక్కలూ రెండూ తియ్యాలి, వాలిన మొక్కనూ తియ్యాలి. పేరు తేలకపోతే "గ్రాస్ బ్లూ" అని రాసి ఆగిపోవడం మంచిది. ఊహించి రాసిన పేరు రాయని పేరు కన్నా చెరుపు చేస్తుంది.

లెక్క కట్టాలనుకునే ఉపాధ్యాయులకు, యువకులకు ఒక పద్ధతి. ఊరి బయట అర కిలోమీటరు దారి ఎంచుకోండి, కొంత గెట్టు, కొంత చెరువు కట్ట ఉండేలా. పొద్దున 8.30, 11 గంటల మధ్య, ఎండ ఉండి గాలి లేనప్పుడు, అరగంటలో నెమ్మదిగా నడవాలి. ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందుకు అయిదు మీటర్లు, ఆ లోపల కనిపించినవే రాయాలి. వెనుక నుంచి వచ్చినవి వద్దు. పదిహేను రోజులకొకసారి అదే దారిలో నడిస్తేనే ఆ అంకెలకు విలువ. సెప్టెంబరులో దేశమంతటా బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుపుతారు, మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి నెల లేదు. తేదీ, ఊరు, మండలం రాసి ఫొటోలను ఐనేచురలిస్ట్‌లోనో బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లోనో పెడితే తెలిసినవాళ్లు సరిచూస్తారు. వలలు, పిన్నులు అక్కర లేదు. కొన్ని జాతులకు 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది.

చిమ్మటల కోసం అమావాస్య దగ్గర, వాన వెలిసిన ఉక్క రాత్రి ఎంచుకోవాలి. రెండు గుంజలకు తెల్ల దుప్పటి కట్టి, కింది అంచు నేల మీద పరిచి, ముందు బల్బు వేలాడదీస్తే చాలు. తెల్లవారకముందే దీపం ఆర్పి దుప్పటి మెల్లగా దులపాలి, లేకపోతే పొద్దున్నే గోరింకలు, బల్లులు మిగిలినవాటిని ఏరుకు తింటాయి. చిమ్మటంటే పురుగే అనుకునేవారు మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు చూడాలి. నల్లమద్ది, తెల్లమద్ది ఆకు తిని పెరిగే చిమ్మటే అక్కడి దసలి పట్టుకు మూలం.

ఎండాకాలంలో ఇప్పపూలు ఏరుకోవడానికీ, తునికాకు చిగురుకూ అడవి కింద పెట్టే నిప్పు రాలిన ఆకుల్లోని గూళ్లను బూడిద చేస్తోంది. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అడవుల అంచు ఊళ్లలో ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చకుండా ఊడ్చుకునే అలవాటును అటవీ శాఖ కూలి ఇచ్చి అయినా ప్రోత్సహించాలి.

గ్రామ పంచాయతీలను అడిగేది కొంచెమే. పల్లె ప్రకృతి వనాల్లో రంగు పూల మొక్కలతో పాటు కరివేపాకు, మారేడు, రేల, కానుగ, సీతాఫలం, మేడి నాటండి, కంచె పొడవునా తంగేడు, ఈశ్వరి తీగ రానివ్వండి. తేనె బాగుంటుందని లంటానా మాత్రం తేవొద్దు, అది అడవిని మింగేస్తోంది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. కనీసం పంచాయతీ బాటల పక్కన ఆ మందు పడకూడదు. బాట పక్క గడ్డి కొయ్యాలంటే కొడవలితోనో మిషన్‌తోనో జానెడు ఎత్తు వదిలి కొయ్యండి. ఒక పక్క ఇప్పుడు కోస్తే రెండో పక్కను బతుకమ్మ వెళ్లాక కొయ్యండి.

— సీతాకోకచిలుకల పరిశీలకులు, హనుమకొండ