పొద్దున 6 నుంచి 10 దాకా వాట్సాప్ లిస్టులు కట్టం

లింగంపల్లిలో మా కిరాణం కొట్టుకు ఏళ్లుగా వస్తున్న అందరికీ నమస్తే.

కరోనా వల్ల 2021 మే 12 నుంచి లాక్‌డౌన్, సడలింపు 4 గంటలే. ఇక మీదట ఆ టైమంతా కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకే. అపార్ట్‌మెంట్ల వాళ్లు రాత్రి 8 లోపు లిస్టు పంపండి. షట్టర్ దించాక లోపల ప్యాక్ చేసి పొద్దున్నే మీ గేటు దగ్గర పెట్టిస్తాం.

దీని మీద నిద్ర పట్టలేదు. నెలకు ఐదారు వేలు కొనేది మీరే, నా కొట్టు నడిచేది మీ వల్లే. కానీ మీ లిస్టు కట్టేలోపు బయట మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు క్యూలోనే ఉంటారు. 10 అయితే పోలీసు బండి వస్తుంది. వాళ్లు ఉత్త సంచితో వెళ్లాలి. మీకు ఫ్రిజ్ ఉంది, నెల సరుకుంది. వాళ్లు ఏ రోజు కూలి డబ్బుతో ఆ రోజు తింటారు. కేంద్రం ఇచ్చే 5 కిలోల ఉచిత బియ్యానికి రేషన్ కార్డు కావాలి. ఒడిశా నుంచి వచ్చినవాళ్లలో చాలామంది కార్డులు ఊళ్లో ముసలివాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇక మా కొట్టుకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్ సంగతి. మా నాన్న కాలం నుంచి సరుకు అతని దగ్గరే తెస్తున్నాం, ఒక్క చెక్కు బౌన్స్ కాలేదు. ఇప్పుడేమో ముందు క్యాష్ కడితేనే లోడ్ అంటాడు. కట్టాను. అయినా 10 రూపాయల పప్పు, కారం, సబ్బు ప్యాకెట్లు రాలేదు. అడిగితే "చిన్నవి గిట్టుబాటు కావు, పెద్దవి అమ్ముకో" అన్నాడు. సూపర్‌మార్కెట్ గోడౌన్‌కు మాత్రం లారీ టైముకే వెళ్లింది, నా కళ్లతో చూశాను. రోజు కూలి మనిషి కిలో కారం కొంటాడా? అందుకే కిలో ప్యాకెట్లు విప్పి తూకం వేసి పొట్లాలు కడుతున్నాం. పొట్లానికి అదనంగా పైసా తీసుకోం. నూనె ఎలాగూ మండిపోతోంది, కనీసం ఇదైనా.

"అడ్డా కూలీలను క్యూలో నిలబెడితే మాకు కరోనా అంటుతుంది, ఈయనేమో సమాజసేవ చేస్తున్నాడు" అని మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక సార్ రాశారు. చదివాను. క్యూలో మాస్క్ లేనిదే ఎవరికీ సరుకివ్వను, కారు దిగినవాళ్లకైనా సరే. కూలీలు నా దగ్గర క్యాష్ పెట్టి కొంటున్నారు. ఆ సార్ ఏప్రిల్ బిల్లు మాత్రం ఇంకా ఖాతాలోనే ఉంది. ఈ నెలాఖరులోపు కట్టేస్తే సంతోషం.