నాన్నగారికి, ఆ రైఫిల్ సంగతి

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఆపరేషన్ అయిన కంట్లో చుక్కలు వేళకి వేసుకుంటున్నారని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది. నల్లద్దాలు పెట్టుకోవడానికి మాత్రం మొహమాటపడుతున్నారట. ఎవరేమనుకుంటే మనకేం నాన్నగారూ, ఎండలోకి వెళ్తే పెట్టుకోండి. ఆఫీసులో పని మామూలే. కొత్త మేనేజరు వచ్చాడు, మంచివాడే.

డాక్టరు ఇంకా చదవొద్దన్నాడు గనుక ఈ ఉత్తరం అమ్మే చదివి వినిపిస్తుందని నాకు తెలుసు. అమ్మా, మధ్యలో ఆపకు. ఇక్కడి షూటింగ్ క్లబ్బులో గురి చూసి పేల్చే ఆటకి సొంత రైఫిల్ ఒకటి కొనుక్కుంటానని మొన్న ఫోనులో చెప్పబోతే, తుపాకీ అనగానే నువ్వు మాట్లాడటం మానేశావు. నీ గొంతు మారితే నాకు మాట పెగలదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. నాన్నగారికి చెప్పాల్సింది నీ నోటితో చదువుతుంటే నీకూ తెలుస్తుంది.

ముందు నీ భయం సంగతి చెప్తాను. ఆ రైఫిల్ నా గదికి రాదు. క్లబ్బు ఇనప బీరువాలోనే ఉంటుంది, తాళంచెవి అక్కడి పెద్దాయన దగ్గర ఉంటుంది. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం కింద. పోలీసులు నా గురించి అన్నీ విచారించారు. క్లబ్బు వాళ్ళ కళ్ళ ముందు నేర్చుకుని, వాళ్ళకి నమ్మకం కుదిరాకే లైసెన్సుకి దరఖాస్తు పెట్టనిచ్చారు. పేల్చనప్పుడు ప్రతి తుపాకీలోనూ రంగు ప్లాస్టిక్ పుల్ల ఒకటి గుచ్చి ఉంచాలి, లోపల తూటా లేదని దూరం నుంచే అందరికీ కనిపించాలని. ఎవరైనా గురి కాగితాలు మార్చడానికి ముందుకి నడిచారంటే వెనకున్న వాళ్ళు తుపాకుల జోలికి వెళ్ళకూడదు, చెయ్యి కూడా వెయ్యకూడదు. చెవులకీ కళ్ళకీ రక్షణ లేకుండా లోపలికే రానివ్వరు. గుండు సీసంతో చేసింది కదా, అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా నోట్లో ఏమీ పెట్టుకోను. రోడ్డు మీద కారు నడిపేటప్పుడు నాకున్న భయంలో పావు వంతు కూడా అక్కడ ఉండదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలేకి కాంస్యం వచ్చినప్పుడు నువ్వు టీవీ ముందు లేచి నిలబడ్డావు చూడు, అదే ఆట. యాభై మీటర్లు, .22 రైఫిల్, అంటే 0.22 అంగుళాల సన్నటి తూటాది. నేను పతకాల కోసం ఆడటం లేదు, కానీ దూరం అదే, తూటా అదే.

నాన్నగారూ, ఎన్‌సీసీ క్యాంపులో మీరు పేల్చింది కూడా .22యే. మోచేతులు దోక్కుపోయిన కథ ఎన్నిసార్లు చెప్పారో. ఆ తూటా పుట్టి వందేళ్ళు దాటింది, 1887లో వచ్చింది. ఇప్పటికీ అన్నిటికంటే చవక అదే. భుజానికి తన్ను ఉండదు, చప్పుడూ తక్కువ. పెద్ద తూటాల రైఫిళ్ళు దూరం కొడతాయి, నిజమే, కానీ వాటికి ఒక్క తూటాకయ్యే ఖర్చుతో .22 చాలా పేల్చుకోవచ్చు. గురి కుదిరేది ఎక్కువ సార్లు పేల్చితేనే కదా.

మేగజీన్, అంటే తూటాలు వరసగా నింపే పెట్టె, లేని రైఫిలే ఎందుకని తమ్ముడు అడిగాడు. వాడికి ఫోనులో సగమే చెప్పాను. యాభై మీటర్ల ఒలింపిక్ ఆటలో నియమమే అది, ప్రతిసారీ చేత్తో ఒక్క తూటా పెట్టుకోవాలి. అది కాక, మేగజీన్ కోసం రైఫిల్ అడుగున కోత పెట్టనక్కర్లేదు గనుక ఆ ఉక్కు భాగం గట్టిగా నిలుస్తుంది. సీసం గుండు మెత్తన. మేగజీన్లోంచి ఎగదన్నుకుని వచ్చేటప్పుడు ముక్కు గీసుకుంటే ఎంతో కొంత గురి పోతుంది. చేత్తో పెడితే ఆ గీత పడదు. కానీ నాకు ఇవన్నీ తర్వాత తెలిసిన కారణాలు. అసలు కారణం, ఇంకో తూటా సిద్ధంగా ఉందన్న ధీమా లేకపోవడమే నాకు నచ్చింది.

ఎలా ఉంటుందో చెప్తాను వినండి. చాప మీద బోర్లా పడుకుని, కుడి జబ్బకి పటకా బిగించుకుంటాను. ఎడమచేత్తో కిందున్న పిడిని వంచితే లోపల ఉక్కు దిమ్మ కిందికి దిగుతుంది, దాని నెత్తిన చిన్న గాడి కనిపిస్తుంది. తూటా ఆ గాడిలో పెట్టి వేలితో ముందుకి నెడతాను. ఇత్తడి అంచు వెళ్ళి చాంబరు, అంటే బ్యారెల్లో తూటా కూర్చునే గది, నోటికి ఆనడం వేలికి తెలుస్తుంది. పిడి మూసేస్తాను. వెనకున్న సూదిబెజ్జం లోంచి చూస్తే ముందొక ఉంగరం, ఉంగరంలో నల్లటి చుక్క, దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు. ఆ తెలుపు అన్ని వైపులా సమానంగా ఉందా లేదా, అంతే చూడాలి. ఊపిరి సగం వదిలి ఆపుతాను. ట్రిగ్గరు మొదటి మెట్టు దగ్గర ఆగి, తెలుపు కుదిరిందనిపించాక మిగతాది నొక్కుతాను. కుదరకపోతే వేలు తీసేసి మళ్ళీ ఊపిరి తీసుకుంటాను. శనివారాలు గదిలో ఒక్కదాన్నే ఉంటే ఫోను చేతిలో పట్టుకుని, మీకిప్పుడు అర్ధరాత్రి కదా అనుకుంటూ కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ పూట అక్కడ గడుస్తుంది. అమ్మా, నేను సరిగ్గా నిద్రపోతున్నది కూడా ఆ రాత్రులే.

పిడి వంచడం అన్నాను కదా, అక్కడే ఉంది నా ఎంపికంతా. అమ్మ నాచేత మాన్పించాలని చూసి చూసి వదిలేసిన ఎడమచెయ్యి ఇక్కడ అడ్డొచ్చింది. బోల్టు రైఫిళ్ళలో తూటా గదిని తెరిచి మూసే కడ్డీ, అదే బోల్టు, కుడివైపు ఉంటుంది. పడుకుని పేల్చేటప్పుడు నా కుడి చెయ్యి పటకాలో బిగుసుకుని రైఫిల్ని మోస్తూ ఉంటుంది, దాన్ని కదిపితే ఒళ్ళంతా మళ్ళీ సర్దుకోవాలి. ఎడమచెయ్యి పైనుంచి దాటించి కుడివైపు బోల్టు లాగితే చెంప లేచిపోతుంది. ఎడమచేతి వాళ్ళకని విడిగా చేసినవి ఉన్నాయి, కానీ పాతవాటిలో అరుదుగా దొరుకుతాయి, కొత్త పోటీ రకాలేమో చేతికి అందవు.

కొత్తదే కొనాలనుకునే వాళ్ళకి తేలికగా అందేది సావేజ్ మార్క్ వన్. సింగిల్ షాట్, అంటే ఒక్కసారికి ఒక్క తూటాయే, బోల్టు రకం. ఎడమచేతి రకం కూడా చేశారు. ట్రిగ్గరు బరువు మనమే తగ్గించుకోవచ్చు. క్లబ్బులో ఒకావిడది పేల్చి చూశాను. ఆ ధరకి అంత గురి అంటే మెచ్చుకోవాల్సిందే. కాకపోతే తేలిక, పడుకుని పటకాతో పట్టుకుంటే గుండె కొట్టుకోవడం కూడా ముందు ఉంగరంలో కనిపిస్తోంది. చెక్ దేశపు సీజెడ్ 457కి మేగజీన్ తీసేసి ఆ చోట పెట్టే సింగిల్ షాట్ అడాప్టరు దొరుకుతుంది, అదీ మంచి దారే. రూగర్ నంబర్ వన్ అని ఒకటుంది, 1960ల నాటి నమూనా, దిమ్మ కిందికి దిగే పద్ధతి. చూడ్డానికి అంత అందమైన రైఫిల్ ఇంకోటి లేదంటాను. కానీ అది వేట తూటాలకి చేసింది, ధరా ఎక్కువే. మధ్యలో విరిచి తూటా పెట్టే రకాలు అన్నిటికన్నా చవక. వాటిలో ముందు కర్ర బ్యారెల్‌కే బిగించి ఉంటుంది. ఆ కర్రని ఎక్కడ ఆనించామన్నదాన్ని బట్టి గుండు పడే చోటు మారుతుంది. కాగితం మీద మిల్లీమీటర్లు లెక్కపెట్టే ఆటకి అది పనికిరాదు. జర్మనీ వాళ్ళ ఆన్‌షుట్జ్ 1903 అనే నమూనా దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, మామూలు చేతివాటం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది అదే. దాని అన్నగారు 1913 పెద్ద పోటీలకి, దాని జోలికి మనం వెళ్ళనక్కర్లేదు.

నేను తీసుకోవాలనుకుంటున్నది బీఎస్ఏ మార్టినీ. అవును నాన్నగారూ, మీ సైకిలు మీదున్న పేరే! 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేవాళ్ళు కొందరు కలిసి పెట్టిన కంపెనీ అది, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు తర్వాత వచ్చాయి. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ వాళ్ళ ముద్ర. పిడి వంచితే దిమ్మ దిగే ఈ మార్టినీ పద్ధతిని 1871లో బ్రిటిష్ సైన్యం తన రైఫిల్‌కి తీసుకుంది. తర్వాత బీఎస్ఏ అదే పద్ధతిని చిన్నది చేసి .22 పోటీ రైఫిళ్ళు దశాబ్దాల పాటు చేసింది. పిడి అడుగున నడిమధ్య ఉంటుంది, తూటా పైనుంచి పెట్టాలి. కుడి ఎడమ అన్న తేడాయే లేదు. ఎడమచేత్తోనే అన్నీ అయిపోతాయి, కుడిచెయ్యి పటకాలోంచి కదలదు. బ్యారెల్ లావు, మొత్తం నాలుగు కిలోల పైమాటే, ఆ బరువే నిలకడ. ఇప్పుడు తయారు కావడం లేదు గనుక పాత క్లబ్బు రైఫిళ్ళుగా తక్కువకి వస్తాయి.

పాతదంటే అమ్మకి అనుమానం. నేను బాగానే చూశాను. బోరులో, అంటే బ్యారెల్ లోపలి బొక్కలో, దీపం వేసి చూస్తే చాళ్ళు పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. బ్యారెల్ మూతి అంచున నొక్కు గానీ గీత గానీ లేదు. గుండు బయటికొచ్చే ఆ చివరి అంచు చెడితే ఇంకేం బాగున్నా లాభం లేదు. చాంబరు నోటి దగ్గర, ట్రిగ్గరు నొక్కితే తూటాని కొట్టే సూది దెబ్బకి గుంట పడిందేమో వేలిగోరుతో తడిమాను, పడలేదు. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గరు నొక్కే వాళ్ళ చేతిలో .22 పాడయ్యేది అక్కడే. కర్రలో బీట లేదు. మరలు బిగుతుగా ఉన్నాయి. ఒక్క చిక్కు, వెనక మూసి ఉంటుంది గనుక కడ్డీ మూతి వైపు నుంచే దూర్చి శుభ్రం చెయ్యాలి, అంచుకి తగలకుండా గొట్టం ఒకటి అడ్డుపెట్టాలి. .22కి మాటిమాటికీ శుభ్రం అక్కర్లేదు కాబట్టి అది పెద్ద బాధ కాదు.

ఏ రైఫిలైనా మాటల్లో తేలదు, కాగితం మీద తేలాలి. పెద్దాయన రకరకాల తూటాలు ఇచ్చి ఒక్కో రకం పదేసి పేల్చమన్నాడు. ఒకే రైఫిల్ ఒక రకానికి చెదరగొట్టింది, ఎస్‌కే అనే కంపెనీ రకానికి పది గుళ్ళూ రూపాయి బిళ్ళ కింద దాగిపోయేంత దగ్గరగా పెట్టింది. యాభై మీటర్ల కాగితం మీద పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. రైఫిల్ ఎక్కడికి పెట్టగలదో చూశాను, మిగతాది నేను నేర్చుకోవాలి. వేగం ఎక్కువున్న తూటాలు మంచివనుకునేదీ సరికాదు. ధ్వని వేగం సెకనుకి దాదాపు 340 మీటర్లు. దానికి కాస్త తక్కువగా, 320, 330 మధ్య వెళ్ళే మామూలు రకమే గురికి మేలు. వేగం రకాలు దారిలో ఆ ధ్వని వేగాన్ని దాటి కిందికి దిగేటప్పుడు తూలతాయి. మంచి రకం దొరికాక ఒకే లాటు నంబరు డబ్బాలు కొనిపెట్టుకోవాలి, నంబరు మారితే గుళ్ళు పడే గుంపు మారిపోవచ్చు. అందుకే రైఫిల్ మీద మిగిలిన డబ్బు తూటాలకీ, వెనక బెజ్జం చూపుకీ పెడుతున్నాను. టెలిస్కోపు తీసుకోవడం లేదు.

ఆ బెజ్జం గురించి మీకో మాట నాన్నగారూ. అంత సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ రెండూ తేటగా కనిపిస్తాయి. అందుకే మీ వయసు వాళ్ళు, కంటి ఆపరేషన్లు అయినవాళ్ళు కూడా అక్కడ హాయిగా పేలుస్తున్నారు. మీరు ఇక్కడికి వచ్చినప్పుడు సందర్శకుల పూట పెద్దాయన పక్కన కూర్చుని మీచేత పేల్పిస్తానన్నాడు. అడిగేశాను ముందే. పడుకోనక్కర్లేదు, బల్ల మీద ఆనించుకోవచ్చు.

అమ్మా, నీ మోకాలికి ఆ పట్టీ వేసుకుంటున్నావా? తమ్ముణ్ణి పరీక్ష ఫీజు గడువు చూసుకోమను, డబ్బు నేను వేసేశాను.

నా జీతంలో నాకని నేను కొనుక్కుంటున్న పెద్ద వస్తువు ఇదే. ఇంటికి పంపేదాంట్లో ఒక్క రూపాయి తగ్గదు. నువ్వు వద్దంటే కొనకుండా ఉండగలను గానీ, నువ్వు సరేనన్నాక కొనుక్కుంటే నాకు బావుంటుంది. నెలాఖరులోగా పెద్దాయనకి మాటివ్వాలి. నాన్నగారు చెప్పింది ఒక వాక్యం, నువ్వు అనుకున్నది ఒక వాక్యం, నీ చేత్తో రాసి ఫొటో తీసి పంపించు. నాన్నగారూ, క్యాంపులో మీరు ఏ కన్ను మూసి గురి చూసేవారో అది కూడా రాయించండి. ఆపరేషన్ అయింది ఎడమ కంటికి కదా, బల్ల ఏ వైపు వేయించాలో ముందే చెప్పాలి.

చుక్కల సీసా మూత తీసి నెల దాటితే మిగిలినా వాడకండి, కొత్తది తెప్పించుకోండి.

మీ అమ్మాయి