నా కెమెరా సంగతి సరే, నా ఫోన్‌కు జవాబు చెప్పేదెవరు?

విజయవాడ,
జూలై 4, 2025.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మే 12న నా కారుకు మీ విజయవాడ బ్రాంచిలో బిగించిన రివర్స్ కెమెరా; అంతకంటే ముఖ్యంగా, ఆ తర్వాత మీవాళ్ళు నన్ను తిప్పిన తిప్పలు.

అయ్యా,

ఇంతకుముందు పంపిన మూడు ఈమెయిళ్ళకు "మీ సందేశం మాకు ఎంతో విలువైనది" అని క్షణంలో జవాబు వచ్చింది. అంత విలువైనవి కాబట్టే కాబోలు, బీరువాలో పెట్టి తాళం వేసినట్టున్నారు. తర్వాత ఎవరూ తీసి చూడలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

కెమెరా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. బిగించిన పదకొండో రోజున, అంటే మే 23న, బొమ్మ పోయింది. రివర్స్ గేర్ వేస్తే స్క్రీన్ నీలంగా వెలిగి ఊరుకుంటుంది. అంతే. వస్తువన్నాక పాడవుతుంది, దానికి నాకేం కోపం లేదు. కోపమంతా ఆ తర్వాతి నలభై రెండు రోజుల మీద.

మొదట బ్రాంచికి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు తల ఎత్తకుండానే "కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి సార్, టికెట్ రేజ్ చేస్తేనే మేం ముట్టుకోవాలి" అన్నాడు. టికెట్ అంటే ఫిర్యాదు నంబరట. ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమంటే రెండే నొక్కాను. పద్దెనిమిది నిమిషాలు వేణుగానం వినిపించి, చివరకు హిందీలో పలకరించారు. నాకొచ్చిన హిందీలో నా బాధ చెప్పుకుంటే, ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న: "సార్, కెమెరా కారుకు ముందువైపు ఉందా, వెనకవైపు ఉందా?"

రెండోసారి ఒక అమ్మాయి మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది, అది ఒప్పుకోవాలి. బొమ్మ రావడం లేదని రుజువుగా వీడియో తీసి పంపమంది. రాని బొమ్మను వీడియో ఎలా తీయాలో తెలియక, అరవై ఏడేళ్ళ వయసులో ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గేరు పట్టుకుని, నీలం తెరను నిమిషం సేపు తీసి పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: "వీడియోలో బొమ్మ కనిపించడం లేదు, మళ్ళీ పంపండి."

జూన్ 9న టెక్నీషియన్ ఇంటికొస్తాడని మెసేజ్ వచ్చింది. పొద్దున ఏడు నుంచి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గేటు ముందు నుంచి కూరగాయల బండి వెళ్ళింది, పాత పేపర్లవాడు వెళ్ళాడు, మీవాడు మాత్రం రాలేదు. సాయంత్రానికి ఇంకో మెసేజ్: "కస్టమర్ ఇంట్లో లేనందున టికెట్ మూసివేయబడింది." దాని కిందే, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని!

ఇక జూన్ 20న మాట్లాడిన మహానుభావుడు అసలు రహస్యం విప్పాడు. "మీ కారు చాలా పాతది సార్, అందుకే ప్రాబ్లెమ్" అన్నాడు. అవును బాబూ, నాది 2009 వ్యాగన్ ఆర్. 2019 జూలై తర్వాత తయారైన కార్లకైతే వెనక సెన్సర్లు కంపెనీవాళ్ళే బిగించి ఇస్తున్నారు. నాకు అవి లేవనే కదా మీ గుమ్మం తొక్కింది? పదిహేనేళ్ళు నిండాక రవాణా శాఖవాళ్ళు ఫిట్‌నెస్ చూసి మరో ఐదేళ్ళకు ఆర్‌సి రెన్యువల్ చేశారు. వాళ్ళకు లేని అభ్యంతరం మీకొచ్చింది. 6,800 రూపాయలు తీసుకున్న రోజున మాత్రం కారు వయసు ఎవరూ అడగలేదు.

సత్యనారాయణపురంలో మా సందు ఒకసారి చూస్తే మీకు తెలుస్తుంది. ఎదురుగా ఆటో వచ్చిందంటే నేను నలభై గజాలు వెనక్కి రావాల్సిందే. స్పాండిలైటిస్ వల్ల నా మెడ తిరగదు. ఇంట్లో రెండేళ్ళ మనవడున్నాడు. కారు తాళాల చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. కెమెరా నాకు సోకు కాదండీ.

పోనీ, నేను కొత్తవాణ్ణా? ఈ కారు కొన్న ఏడాది సీటు కవర్లు మీ దగ్గరే. స్టీరియో, హారన్, మూడు బ్యాటరీలు మీ దగ్గరే. మా బావమరిదినీ, వాళ్ళ వియ్యంకుడినీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నేనే. అప్పట్లో మీ పాత మేనేజరు నన్ను చూడగానే కుర్చీ వేసి టీ తెప్పించేవారు. ఇప్పుడు నాకొక పన్నెండంకెల నంబరు ఇచ్చారు.

ఇంకో మాట. మా సందు చివరి ఆటో ఎలక్ట్రీషియన్ డిక్కీ తీసి చూశాడు. రివర్స్ లైటు వైరుకు మీవాళ్ళు కెమెరా వైరు ఊరికే చుట్టి టేపు వేశారట, ఎండకు టేపు జారి వైరు వదులైందట. "పావుగంట పని, యాభై రూపాయలివ్వండి చాలు" అన్నాడు. బయటివాళ్ళు చెయ్యి పెడితే వారంటీ పోతుందని మీవాళ్ళు బెదిరించారు కాబట్టి వద్దన్నాను. మా ఆవిడైతే "ఆ యాభై అతని మొహాన కొట్టి ఊరుకోక, ఎందుకొచ్చిన పంతం" అంటోంది. నిజమే, ఇప్పుడది పంతమే.

డబ్బు వాపసు అడుగుదామనుకున్నాను. అది ఇవ్వండి. కానీ దాంతో సరిపెడతారేమో, ఒప్పుకోను. మీవాడు మా ఇంటికి రావాలి, ఆ వైరు సరిగ్గా అతకాలి, జూన్ 9న నేను ఇంట్లోనే ఉన్నానని మీ కంప్యూటర్లో రాయాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. వాళ్ళయినా ఎత్తుతారు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు, రిటైరైనవాణ్ణి, వాయిదాలకు రావడానికి నాకు బోలెడు తీరిక. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నారని కూడా గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, ఆ టైములో తప్ప ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. చేసేది ఎవరైనా సరే, ముందే చెప్తున్నాను: కెమెరా కారుకు వెనకవైపే ఉంది.

ఇట్లు,
మీ పదహారేళ్ళ కస్టమర్

జత: బిల్లు నకలు, మూసేసిన నాలుగు టికెట్ల నంబర్లు