మీ హార్డ్ డిస్కులో మేం పెడుతున్న రెండో సిస్టమ్ గురించి

నమస్కారం అండీ. దసరా వెళ్లిన దగ్గర నుంచి మా షాపుకి సర్వీసింగ్‌కి వచ్చే డెస్క్‌టాప్‌లలో, ఓనరు సరేనంటే, హార్డ్ డిస్కు చివర 20 జీబీ జాగా విడదీసి అందులో ఒక రెస్క్యూ సిస్టమ్, అంటే విండోస్ లేవకపోయినా కంప్యూటర్‌ని లేపి ఫైళ్లు బయటికి తీసుకోగలిగేది, పెడుతున్నాం. ఈ సంగతి స్టేటస్‌లో పెట్టగానే చాలామంది అడిగారు, విండోస్ స్లో అయిపోతుందా అని, ఊరికే దొరికేదానికి 350 రూపాయలెందుకని. అడగాల్సిన మాటలే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబితే సగం సగమే చెబుతున్నానని ఇక్కడ మొత్తం రాస్తున్నాను, నా చేతుల్లో జరిగిన తప్పుతో సహా.

మన పర్లాకిమిడిలో కరెంటు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక కరెంటు వస్తూ పోతూ ఉన్న ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చిన కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు బాగానే ఉంది, విండోసే లేవలేదు. ఇప్పుడు ప్రతి వానాకాలం అదే వరస. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగదు, మళ్లీ ఆన్ చేస్తే నీలం తెర. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. వాటిని చూపించాల్సిన విండోస్ పడిపోయింది, అంతే. కానీ చాలాచోట్ల జరిగేదేమిటంటే వెంటనే ఫార్మాట్ కొట్టేస్తారు.

మొన్న శ్రావణంలో పెళ్లికార్డుల ప్రెస్ నడిపే అన్నయ్య ఒకాయన సీపీయూని దుప్పట్లో చుట్టి స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద దించకముందే అన్న మాట: "తమ్ముడూ, ఏమైనా చెయ్యి, ఫార్మాట్ మాత్రం కొట్టకు." ఆయన భయం నాకు అర్థమైంది. అందులో విండోస్ 7, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఒకే కార్డు మీద ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా, మన ఊరి పెళ్లిళ్లకి అలాగే కావాలి. ఆ సెట్టింగంతా పదేళ్ల నాటిది, సీడీలు ఎక్కడున్నాయో ఆయనకే తెలీదు. కొత్త విండోస్ ఎక్కించడం నాకు గంట పని, ఆయనకి మాత్రం ముహూర్తాల రోజుల్లో షాపు మూసుకోవడం.

పెన్‌డ్రైవ్‌తో రెస్క్యూ సిస్టమ్ లేపి ముందు ఆయన పని ఫోల్డర్ మొత్తం బయటి డిస్కుకి కాపీ చేశాను. తర్వాత చూస్తే పాడైంది ఒక్క ఫైలు, విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో సిస్టమ్ అనే ఫైలు. విండోస్ 7 తనంతట తాను ఆ ఫైళ్ల నకలు రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో ఉంచుకుంటుంది. అక్కడి నకలు తెచ్చి పాడైనదాని చోట పెట్టి ఆన్ చేస్తే పేజ్‌మేకర్‌తో సహా అంతా లేచింది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ నకలు తీయడం ఆపేశారు, అందుకే ఇప్పుడు రెస్క్యూ భాగంలో మీ రిజిస్ట్రీ ఫైళ్ల నకలు కూడా మేమే ఒకటి తీసి ఉంచుతున్నాం. 20 జీబీ అడిగేది అందుకే, సిస్టమ్ ఒక్కదానికైతే అంత అక్కర్లేదు.

మేం పెట్టేది సిస్టమ్‌రెస్క్యూ, విండోస్ బదులు లైనక్స్ అనే సిస్టమ్ మీద నడిచేది, ఉచితం. దాని ఐఎస్ఓ ఫైలు, అంటే మొత్తం సిస్టమ్ ఒకే ఫైలుగా ఉన్నది, ఒక జీబీ పైచిలుకు ఉంటుంది, దాన్ని విడదీయకుండా అలాగే పెట్టి గ్రబ్ అనే బూట్ మెనూలో దానికి ఒక ఎంట్రీ రాస్తాం. కంప్యూటర్ ఆన్ చేయగానే 5 సెకన్లు మెనూ కనబడుతుంది, మీరేమీ నొక్కకపోతే విండోసే వస్తుంది. రెస్క్యూ ఎంచుకుంటే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడిచేలా పెట్టాం, కాబట్టి అది నడుస్తుండగా అదే డిస్కుని రిపేరు చేసుకోవచ్చు. విండోస్ నడిచేటప్పుడు అది ఊరికే డిస్కు మీద పడి ఉంటుంది, స్లో చేయడానికి అక్కడేమీ నడవదు. ఒక్క జాగ్రత్త: ఆ భాగాన్ని చదవడం విండోస్‌కి రాదు, ఎప్పుడైనా "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దనండి. 350 మా పనికి. మీరే చేసుకోగలిగితే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, ఫైలు ఊరికే ఎక్కించి ఇస్తాను.

ఇప్పుడు తప్పు సంగతి. కాశీనగరం నుంచి ఫొటో స్టూడియో అతను పాత డిస్కు, కొత్త డిస్కు రెండూ తెచ్చాడు, రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు, 1 టీబీ. కొత్తదాంట్లో అన్నీ సెట్ చేసి ఇవ్వాలి. లైనక్స్‌లో డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనబడతాయి, ఆ పేర్లు ఒకసారి ఆన్ చేసినప్పుడు ఉన్నట్టే ఇంకోసారి ఉండాలని లేదు. మధ్యలో ఒకసారి రీస్టార్ట్ చేశాను, పేర్లు తారుమారయ్యాయి, నేను చూసుకోలేదు. కొత్త డిస్కుకి కొట్టాల్సిన పార్టిషన్ టేబుల్‌ని, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికని, ఫొటోలున్న డిస్కుకి కొట్టేశాను. ఐఎస్ఓ కాపీ అయ్యాక గానీ తెలియలేదు, చేతులు చల్లబడిపోయాయి. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో పాత పార్టిషన్ దొరికింది, చాలా వరకు ఫొటోలు వచ్చాయి. కానీ కొత్తగా రాసిన చోట ఉన్నవి రాలేదు, ఒక గృహప్రవేశం ఫొటోలు సగం పోయాయి. ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసి చెప్పాను. డబ్బు తీసుకోలేదు, బ్యాకప్‌కి ఒక డిస్కు కొనిచ్చాను, అయినా పోయిన ఫొటోలు నేను తేలేనుగా.

ఆ రోజు నుంచి పని మొదలుపెట్టే ముందు ముట్టుకోకూడని డిస్కు సాటా కేబుల్ పీకేస్తున్నాం. మిగిలిన డిస్కు స్టిక్కర్ మీది సీరియల్ నంబరు కుర్రాడు పైకి చదువుతాడు, స్క్రీన్ మీది నంబరుతో నేను సరిచూస్తాను. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, దయచేసి తొందరపెట్టకండి.

ఇది బ్యాకప్ కాదు, దీన్ని చూసుకుని ధీమాగా ఉండకండి. విండోస్ పోతే ఆదుకుంటుంది, డిస్కే పోతే దాంతో పాటే పోతుంది. అందుకే అదే సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా ఒకటి చేతికిస్తున్నాం. డిస్కులోంచి టిక్ టిక్ మని శబ్దం వస్తే, లేక ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుంటే, మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే చెక్ డిస్క్ అసలే కొట్టొద్దు. ఆపేసి తీసుకురండి. అలాంటివాటికి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాం వాడతాం, అది ముందు బాగున్న భాగాలన్నీ చదివేసి చెడిన చోట్లను చివరికి వదిలి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎంత వరకు అయిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఒక టీచర్ గారి డిస్కు శనివారం సాయంత్రం పెడితే సోమవారం పొద్దున దాకా నడిచింది, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయినా ఆ మ్యాప్ ఫైలు వల్ల ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది.

ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. విండోస్ 11 ఉన్నవాటిలో చాలావాటికి బిట్‌లాకర్, అంటే డిస్కు మొత్తానికి వేసే తాళం, మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. మా రెస్క్యూ కోసం సెక్యూర్ బూట్ (తెలియని సిస్టమ్‌ని లేవనివ్వని కాపలా) ఆపితే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, కీ లేకపోతే మీ ఫైళ్లు ఎవరూ తెరవలేరు, నేనూ తెరవలేను. కాబట్టి ల్యాప్‌టాప్ డిస్కులో ఏమీ పెట్టడం లేదు, పెన్‌డ్రైవ్ మాత్రమే. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో ఈ రోజే చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. పాత పద్ధతి (ఎంబీఆర్) డిస్కుల్లో పట్టేవి నాలుగు ప్రైమరీ పార్టిషన్లే, అవి అప్పటికే నిండిపోయి ఉంటే వాటికీ పెన్‌డ్రైవే.

దీపావళికి ముందు పెట్టించుకున్నవాళ్లకి పెన్‌డ్రైవ్ గానీ, ఆన్ చేయగానే ఏ కీ నొక్కాలో రాసిన కార్డు గానీ ఇవ్వలేదు. హెచ్‌పీకి ఎఫ్9, డెల్‌కి ఎఫ్12, ఇలా ఒక్కోదానికీ ఒక్కోటి, విండోస్ అప్‌డేట్ తర్వాత మా మెనూ కనబడకపోతే ఆ కీయే దారి. సీపీయూ మోసుకు రానక్కర్లేదు, మోడల్ పేరు ఫొటో తీసుకుని వస్తే చాలు, కార్డూ పెన్‌డ్రైవూ ఊరికే ఇస్తాను. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఒక ఫోన్ చేయండి, ఆదివారం మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటాం.